లంక పడవలో కొత్త పిస్టన్

మా అనంతపురం నుంచి గోదావరి జిల్లాలకు వెళ్ళేవాళ్ళు పెళ్ళికో, పాపికొండలు చూడటానికో, కార్తీక స్నానానికో వెళతారు. నేను వెళ్ళింది రెండు డీజిల్ ఇంజన్లను చూడటానికి. రైల్లో ఎదురు సీటు పెద్దాయనకు ఈ మాట చెబితే, మీ వైపు ఇంజన్లు దొరకవా అమ్మా అని అడిగాడు. దొరుకుతాయి. కాకపోతే ఆ రెండింటిలో ఆడుతున్న పిస్టన్లూ, వాల్వులూ నేను గీసినవి.

నేను పాలిటెక్నిక్ కాలేజీలో మెకానికల్ పాఠాలు చెబుతాను. నీళ్ళు తోడటానికి, పడవలకు, రొయ్యల చెరువులకు వాడే చిన్న డీజిల్ ఇంజను మీద చాలా ఏళ్ళుగా పని చేస్తున్నాను. అందులో జరిగేది తెలుసుకోవడానికి పెద్ద చదువు అక్కర్లేదు. వాల్వు అనే తలుపు తెరుచుకుని గాలి లోపలికి వస్తుంది. పిస్టన్ పైకి వచ్చి ఆ గాలిని నొక్కుతుంది. నొక్కుడుకు కాగిపోయిన గాలిలోకి డీజిల్ తుంపరగా పడి అంటుకుంటుంది. ప్రతి తుంపరకూ తన వాటా గాలి అందితే పూర్తిగా మండుతుంది. అందనిది నల్లపొగై గొట్టంలోంచి పోతుంది. అంటే మనం కొన్న డీజిలే పొగై పోతోందన్నమాట.

అందుకని లోపల గాలిని సుడి తిప్పాలి. దానికి రెండు మార్పులు చేశాను. పిస్టన్ నెత్తిమీది గుంట అంచున ఏటవాలుగా గాడులు పెట్టాను. గాలి వచ్చే వాల్వు వెనక సగం మేర చిన్న గోడ కట్టించాను, గాలి ఒక పక్కనుంచే దూరి గిర్రున తిరిగేలా. కాలేజీ ల్యాబులో రెండూ కలిసి చాలా బాగా పని చేశాయి. కోయంబత్తూరులో పిస్టన్లు పోతపోసే ఒకాయన, ల్యాబు బయట కూడా ఇలాగే ఉంటే రెండింటికీ అచ్చులు చేయిస్తానన్నారు. బయట ఎలా ఉందో చూసి ఆయనకు చెప్పాలి.

పెట్టెలో బట్టలకన్నా ఇనుమే ఎక్కువ. పాత చీరలో చుట్టిన పిస్టన్లు స్టేషన్లో తనిఖీ మిషను కింద ఏ ఆకారంలో కనిపించాయో గానీ, కానిస్టేబుల్ పెట్టె తెరిపించింది. ఒకటి చేతిలోకి తీసుకుని తిప్పి చూసి, చెంబు అనుకున్నాను మేడం అంది.

రాజమండ్రి

స్టేషన్ బయట గ్రేస్ ట్రాలీ ఆటోలో కూర్చుని ఉంది. నడిపేది తనే. వాళ్ళ నాన్నకు గుంతకల్లులో రైల్వే ఉద్యోగం ఉన్నప్పుడు నా దగ్గర చదువుకుంది. ఆయన రిటైరై సొంత ఊరికి వచ్చి లేతు మిషను పెట్టారు. ఆయన పోయాక షెడ్డు గ్రేస్ చేతికి వచ్చింది. ఇప్పుడు చుట్టుపక్కల పడవల వాళ్ళూ, చెరువుల వాళ్ళూ ఇంజన్లు దింపేది అక్కడే. నా పిస్టన్లు వాళ్ళ ఇంజన్లలో పెట్టించింది కూడా తనే.

ముందు టిఫిను. మా ఊళ్ళో పొద్దున్నే ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిని నేరుగా పనికి పోతాం. ఇక్కడి పెసరట్టు ఉప్మా తిన్నాక కాసేపు కూర్చోవాల్సి వచ్చింది. దాని మీద అల్లప్పచ్చడి, ఆ పైన రోజ్ మిల్క్. ఖరీదు మా ఊరికంటే ఎక్కువే, ప్లేటు మాత్రం ఇద్దరికి సరిపోయేంత. వడ్డించే ఆయన ప్రతి మాటకూ అండి చేర్చి, నేను చాలన్నా వినకుండా ఇంకో గరిటె చట్నీ వేశాడు. మా వైపు చాలంటే చాలే. ఇక్కడ చాలంటే మర్యాదకు అన్నారనుకుంటారు.

గ్రేస్ విషయం చెప్పింది. భీమవరం దగ్గర సుబ్బరాజు గారి చెరువు గట్టున ఉన్న ఇంజను డీజిల్ బాగా తక్కువ తాగుతోంది. ఆత్రేయపురం అవతల ఏటి నడుమ ఉన్న లంకకు జనాన్ని దాటించే సత్తిబాబు పడవలోది మాత్రం మొదట్లో బాగుండి, ఈమధ్య మళ్ళీ పాత దారికి వచ్చింది. పైగా పొగ పెరిగింది.

"పాత సామాను మళ్ళీ వేసెయ్యమంటున్నారండి సత్తిబాబు గారు. మీరొచ్చి చూసేదాకా ఆగమన్నాను," అంది.

రెండు ఇంజన్లూ ఒకే రకం, పిస్టన్లూ వాల్వులూ ఒకే చేతితో చేసినవి. ఒకటి తాగకుండా రెండోది ఎందుకు తాగుతుందో ఆ పూట ఇద్దరికీ అంతుపట్టలేదు. మధ్యాహ్నం వాళ్ళమ్మ చేపల పులుసు పెట్టింది. అన్నం ముందు కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తూ, దూరం నుంచి వచ్చిన టీచరమ్మ పని సఫలం చెయ్యమని ఆవిడ నా తరఫున కూడా అడిగింది. నాకు అలవాటు లేని పద్ధతి. చెయ్యి పళ్ళెం మీద పెట్టి అలాగే ఉండిపోయాను.

కొవ్వూరు, తణుకు మీదుగా

మర్నాడు వంతెన దాటి కొవ్వూరు వైపు దిగాం. మా జిల్లాలో బోరులో నీళ్ళు పడ్డాయంటే వీధిలో అందరికీ చెప్పుకుంటారు. ఇక్కడ రోడ్డు పక్కన కాలవ, కాలవ అవతల చేను, చేను పక్కన చెరువు. ఇన్ని నీళ్ళున్నచోట నీళ్ళు తోడే ఇంజన్లు ఎందుకని అడిగాను. నీళ్ళుండటం వేరు, కావాల్సిన గట్టుకు కావాల్సినన్ని ఎక్కించుకోవడం వేరు అంది గ్రేస్. నిజమే, దారి పొడవునా మా ఊళ్ళోకంటే ఎక్కువ ఇంజన్లే లెక్కకొచ్చాయి.

తణుకు దగ్గర చెరకు లారీల వెనక చిక్కుకుని చాలాసేపు ఆగాం. బెల్లప్పాకం లాంటి వాసన గాలినిండా ఉంది. టీ కొట్టు ఆవిడ నా మాట విని, మీది చిత్తూరా అని అడిగింది. అనంతపురం అంటే, అక్కడ వానలు పడవటగా పాపం అని టీలో ఇంకొంచెం పాలు పోసింది.

రాజు గారి చెరువు గట్టు

సుబ్బరాజు గారు అరవై దాటిన మనిషి. వరి మానేసి రొయ్యల చెరువులు తవ్వించారు. దిగీ దిగకముందే నేను ఇంజను ఎక్కడుందని అడిగాను. ఆయన నవ్వి, భోజనాలయ్యాక చూద్దామండి, అదెక్కడికీ పోదు అన్నారు. మా వైపు ఎవరైనా వస్తే తిన్నారా అని అడుగుతాం, తిన్నామంటే నమ్ముతాం. ఇక్కడ ఆ నమ్మకం లేదు. రొయ్యల వేపుడు, ముద్దపప్పు, ఆవకాయ, గోంగూర, గడ్డపెరుగు. ఆయన భార్య పక్కనే నిలబడి, అన్నీ రుచి చూశానని నమ్మకం కుదిరాక గానీ నన్ను లేవనివ్వలేదు.

ఇంజను బోదె కాలవ పక్కన తాటాకు పాక కింద ఉంది. గొట్టంలోంచి పొగ దాదాపు లేదు. గుర్తు గీసిన సీసాలో డీజిల్ పోసి, పాత పిస్టన్‌తో అదే డీజిల్ ఎంతసేపు వచ్చేదో గ్రేస్ రాసి పెట్టుకున్న దానితో పోల్చాం. ల్యాబులో వచ్చినంత తేడా ఇక్కడా వచ్చింది. ల్యాబు బయట, బురదలో, వేరొకరి పాక కింద అది అలా ఆడుతుంటే చూడటం నాకు మాటల్లో పెట్టలేనంత తృప్తిగా ఉంది.

"మా మిగతా ఇంజన్లక్కూడా పెట్టించేయండి మేడం గారూ. మా బావగారి చెరువులక్కూడాను," అన్నారు రాజు గారు.

కోయంబత్తూరుకు అప్పుడే ఫోన్ చేద్దామనుకున్నాను. పడవ కూడా చూశాక చేద్దామని ఆగాను.

ఆత్రేయపురం

మూడోనాడు పొద్దున్నే ఆత్రేయపురం చేరాం. ఆ ఊళ్ళో ఏ అరుగు చూసినా పూతరేకుల పనే. బోర్లించిన కుండ కింద మంట, పైన పల్చటి బియ్యప్పిండి పాలలో ముంచిన గుడ్డ. ఒకావిడ ఆ గుడ్డను కుండ మీద ఒక్కసారి లాగితే రేకు వచ్చేస్తోంది. నన్నూ ప్రయత్నించమంది. నా రేకు మధ్యలో చిరిగింది, వేలు కాలింది. అందరికీ మొదట అంతేనండి అని నెయ్యి రాసింది, వేలికీ, రేకుకూ. పంచదారవి చవక, బెల్లం జీడిపప్పువి రెట్టింపు. బెల్లంవి కొన్నాను.

రేవులో సత్తిబాబు పడవ సిద్ధంగా ఉంది. ఆయనకు నలభై ఏళ్ళుంటాయి, నెమ్మదైన మనిషి. పడవ తనదే, చుక్కాని పట్టేదీ తనే. పొద్దున లంకలోంచి అరటాకులు, పూలు, కూరలు ఇవతలికి తెస్తాడు. తరవాత బడికి వెళ్ళే మాస్టర్లను అవతలికి దింపుతాడు. పై రేవులో ఇంకో పడవ ఉంది. ఈయన పడవ కొంచెం ఆలస్యమైనా జనం అటు వెళ్ళిపోతారు. అందుకే మొదట డీజిల్ తగ్గుతుందంటే సంతోషంగా ఒప్పుకున్నాడు, ఆ తరవాత పొగ మొదలయ్యాక భయపడ్డాడు.

ముందు ఒకసారి లంకకు వెళ్ళి వచ్చి, ఆ తరవాత ఇంజను విప్పుదామనుకున్నాం.

నడి ఏట్లో

పోయేటప్పుడు బాగానే పోయాం. శబ్దంలో చిన్న తేడా ఉందని నాకూ, గ్రేస్‌కూ ఇద్దరికీ అనిపించింది. పొగ మాత్రం రాజు గారి ఇంజను పొగకంటే చాలా నల్లగా వస్తోంది. వచ్చేటప్పుడు పడవ నిండింది. అరటాకు కట్టలతో చిట్టెమ్మ అనే పెద్దావిడ, బంతిపూల గంపలతో ఇద్దరు ఆడవాళ్ళు, సైకిళ్ళతో కొందరు మగవాళ్ళు.

పాయ మధ్యకు వచ్చేసరికి ఇంజనులో ఇనుము మీద ఇనుము కొట్టినట్టు శబ్దం వచ్చింది. రెండుసార్లు కొట్టి ఆగిపోయింది. సత్తిబాబు హ్యాండిలు తిప్పబోయాడు. గ్రేస్ తిప్పొద్దంది. తిప్పితే లోపల ఇంకా పాడవుతుందని నాకూ అర్థమైంది.

ప్రవాహం పెద్ద ఉధృతంగా లేదు గానీ పడవ పక్కకు తిరిగి కిందికి కొట్టుకుపోసాగింది. ఎవరూ అరవలేదు. పూల గంపల ఆవిడ ఒడ్డు వైపు చూస్తూ పెదవులు కదుపుతోంది. సత్తిబాబు గెడ తీసుకున్నాడు. మొదట దానికి అడుగు అందలేదు. నాకు ఈత రాదు. మా ఊళ్ళో ఈదడానికి నీళ్ళెక్కడివి? పడవ అంచు పట్టుకుని కూర్చుని, ఆ ఇంజను లోపల ఏం విరిగి ఉంటుందో ఆలోచించడానికి ప్రయత్నించాను. బుర్ర పనిచెయ్యలేదు. ఇంతమంది ఇక్కడ ఇలా ఉండటానికి కారణం నా గీతలేనన్న ఒక్క సంగతే తెలుస్తోంది.

కొంత దూరం పోయాక గెడకు ఇసుక తగిలింది. సైకిళ్ళ వాళ్ళు కూడా తెడ్లు అందుకుని సాయం పట్టారు. పడవ ఒక ఇసుక తిన్నెకు ఆనింది. పై రేవు పడవ వచ్చి తాడు కట్టి లాక్కెళ్ళేదాకా ఆ తిన్నె మీదే ఎండలో కూర్చున్నాం. అరటాకులు అంచుల దగ్గర ముడుచుకుపోయాయి. రావులపాలెం మార్కెట్టు వేళ దాటిపోయింది. తెచ్చిన పూతరేకులు అందరికీ పంచాను. తీసుకున్నారు, తిన్నారు.

రేవులో దిగాక చిట్టెమ్మ ఆకుల కట్ట నెత్తిన పెట్టుకుంటూ, "నేను రేపట్నుంచి పై రేవు పడవకెళ్తాలే సత్తిబాబూ," అంది. కోపంగా కాదు, మామూలుగానే.

అలాగే పిన్నీ అన్నాడు సత్తిబాబు. నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అని ఉంటే నాకు తేలికగా ఉండేది.

మళ్ళీ షెడ్డుకు

ఇంజనును ట్రాలీలో వేసుకుని రాజమండ్రి తెచ్చి విప్పాం. వాల్వు వెనక నేను కట్టించిన గోడ దగ్గర ఒక ముక్క విరిగి లోపల పడింది. పిస్టన్ దాన్ని పైకి తీసుకెళ్ళి కొట్టింది. పిస్టన్ నెత్తి సొట్టపోయింది, వాల్వు వంగింది.

గ్రేస్ ఆ ముక్కను అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూసింది. గోడను వాల్వుకు అతికించింది తనే. రేపు ఈ సంగతి నాలుగు రేవుల్లో పాకితే షెడ్డుకు ఎవరొస్తారన్నది తన భయం.

"నా వెల్డింగే ఊడిందంటారు మేడం. అదే అయితే నేనే ఒప్పుకుంటానండి," అంది.

భూతద్దం పెట్టి ఇద్దరం చూశాం. అతుకు అతుకులాగే ఉంది. చీలింది దాని పక్కన, వాల్వు సొంత లోహం. ఇంకొంచెం వెతికితే మొదటి కారణం దొరికింది. మామూలు వాల్వు ఆడుతూ ఆడుతూ తన చుట్టూ తాను నెమ్మదిగా తిరుగుతుంది, దానికది మంచిదే. నా వాల్వు తిరగకూడదు, గోడ ఎప్పుడూ ఒకే వైపు ఉండాలి. అందుకని చిన్న పిన్ను పెట్టించాను. చెరువు గట్టు మీద ఇంజను రోజంతా ఒకే వేగంతో ఆడుతుంది, పిన్ను నిలిచింది. పడవలో ఒడ్డు దగ్గర తగ్గించాలి, నడుమ పెంచాలి, ఎదురు పడవకు మళ్ళీ తగ్గించాలి. ఆ కుదుపులకు పిన్ను అరిగి తెగిపోయింది. వాల్వు తిరిగింది. గోడ గాలిని తిప్పాల్సింది పోయి అడ్డుపడింది. అందుకే పొగ. వాల్వు ఒక పక్కే ఎక్కువగా కాగి చివరికి చీలింది.

తప్పు వెల్డింగుది కాదు, గీతది అని గ్రేస్‌తో అన్నాను. ఆమె వెళ్ళి చేతులు కడుక్కుని టీ పట్టుకొచ్చింది.

ఆ టీ తాగుతూనే కోయంబత్తూరుకు ఫోన్ చేశాను. వాల్వు వద్దు, పిస్టన్ సంగతి ఇంకా చూసి చెబుతానన్నాను. డీజిల్ ఆదాలో ఎక్కువ వాటా ఆ వాల్వుదే కదా అని ఆయన గుర్తు చేశారు. అవునన్నాను. బలమైన లోహంతో చేయించి చూద్దామా అన్నారు. మనుషులు ఎక్కే పడవలో ఇంకోసారి చూడలేను అన్నాను. సరే, పిస్టన్ ఫలితం పంపండి అన్నారు.

రాజు గారికి చేసిన ఫోనే కష్టమైంది. బాగా ఆడుతున్న ఇంజనులోంచి వాల్వు ఎందుకు తియ్యాలో ఆయనకు ఎంత చెప్పినా నచ్చలేదు. మాది పడవ కాదు కదండీ అన్నారు. అదీ నిజమే. ఇక లాభం లేదని మర్నాడు మళ్ళీ తణుకు మీదుగా వెళ్ళాం. ఈసారి భోజనం ముందే విప్పాం. ఆయన వాల్వులో చీలిక కనబడలేదు. భూతద్దంలో కూడా లేదు. ఆయన నా ముఖం వంక చూశారు. నేను గ్రేస్‌ను మామూలు వాల్వు వెయ్యమన్నాను.

"మీ వస్తువు, మీ ఇష్టం. కానీ మంచిదాన్ని తీసుకుపోతున్నారండి," అన్నారు రాజు గారు.

మామూలు వాల్వు, గాడుల పిస్టన్‌తో సీసా పెట్టి మళ్ళీ చూశాం. ముందున్న లాభంలో సగానికన్నా తక్కువ మిగిలింది. కానీ మిగిలింది.

రేవులో

చివరి రోజు పొద్దున్నే సత్తిబాబు ఇంజనును పడవలో దింపాం. పెట్టెలో తెచ్చిన గాడుల పిస్టన్ ఒకటి, మామూలు వాల్వుతో. పాత పిస్టనే వెయ్యమంటే అదే వేస్తామని ముందే చెప్పాను. ఆయన రెండు పిస్టన్లనూ చెరో చేతిలో పట్టుకుని చూసి, ఇందులో విరిగి పడేదేమైనా ఉందా అని అడిగాడు. లేదు, ఇది ఒకే పోత, గాడులు చెక్కినవే గానీ అతికించింది ఏదీ లేదన్నాను. అయితే కొత్తదే వెయ్యండి అన్నాడు.

గ్రేస్ కళ్ళు మూసుకుని రెండు మాటలు ప్రార్థించుకుంది. సత్తిబాబు ఇంజనుకు పసుపూ కుంకుమా పెట్టాడు. హ్యాండిలు తిప్పగానే అందుకుంది. ఖాళీ పడవతో అవతలికీ ఇవతలికీ చాలాసార్లు తిరిగాం, కావాలని వేగం పెంచుతూ తగ్గిస్తూ. పొగ సన్నటి చారలా వచ్చి పోతోంది.

లంక వైపు రేవులో జనం నిలబడి ఉన్నారు. అందులో చిట్టెమ్మ కూడా ఉంది. పై రేవు పడవ ఆ రోజు ఆలస్యమట. సత్తిబాబు పడవ ఆనించి ఇంజను ఆపాడు.

"మొన్న విరిగింది తీసేశారండి. లోపల ఒకటి మాత్రం కొత్తదే. చెప్పకుండా ఎక్కించుకోవడం నాకిష్టం లేదు. ఎక్కేవాళ్ళు ఎక్కండి," అన్నాడు.

ఎవరూ కదల్లేదు. చిట్టెమ్మ నా వైపు చూసింది.

"నువ్వు వస్తున్నావా అమ్మా ఇందులో?"

వస్తున్నానని చెప్పాను.

"ఈతొచ్చా?"

"రాదండి."

ఆవిడ ఇంజను వైపు చూసింది. తరవాత అరటాకుల కట్ట నా చేతికిచ్చి, చీర కుచ్చెళ్ళు ఎగదోపుకుని పడవ ఎక్కింది. కట్ట తిరిగి తీసుకుని ఒళ్ళో పెట్టుకుని, ఇంజనుకు దగ్గరలోనే కూర్చుంది. ఆవిడ వెనక పూల గంపల వాళ్ళు ఎక్కారు. సైకిళ్ళ వాళ్ళలో ఇద్దరు ఆగిపోయారు, మిగతా వాళ్ళు ఎక్కారు.

మొన్న ఆగిన చోటికి వచ్చేసరికి అందరూ మాటలు ఆపేశారు. నేను గ్రేస్ చెయ్యి పట్టుకున్నానని దాటాక గానీ గమనించలేదు. ఇంజను అదే చప్పుడుతో ఆడుతోంది. చిట్టెమ్మ నా వైపు వంగి, మీ అనంతపురంలో అరటాకు ఎంత పలుకుతుందని అడిగింది. కార్తీకంలో ఆకు ఒక్కింటికి అయిదు రూపాయలు కూడా ఇస్తామన్నాను. ఆవిడ నమ్మలేదు. పక్కావిడకు చెప్పింది, ఆవిడా నమ్మలేదు. రేవు వచ్చేదాకా అదే మాట.

దిగాక చిట్టెమ్మ కట్ట నెత్తికెత్తుకుని రావులపాలెం ఆటో వైపు నాలుగడుగులు వేసి, వెనక్కి తిరిగింది.

"సత్తిబాబూ, సాయంత్రం నాకు కొంచెం ఆలస్యమవుద్ది. నన్నొదిలేసి పోకు," అంది.

ఉంటాను పిన్నీ అన్నాడు సత్తిబాబు.